ఇంకా ఉమ్మడి ఉంది

ఆగస్టు 6

వదినగారికి,

మీరూ అన్నయ్యా కులాసా అని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ల నొప్పి వస్తూ పోతూ ఉంది, దాని మానాన దాన్ని వదిలేశాను.

ఆసుపత్రిలో మా బట్టల గదిని కొత్త భవనం కిందికి మార్చారు. పైన మూడు అంతస్తుల నిండా రోగులు, కింద వాళ్ల దుప్పట్లూ, మేమూ. ఉన్న ఒక్క కిటికీ గోడ పైభాగాన ఉంది. తలెత్తి చూస్తే బయట నడిచేవాళ్ల చెప్పులు మాత్రం కనిపిస్తాయి. ఏ డాక్టరు ఏ చెప్పులేసుకుంటాడో ఇప్పుడు మాకు కంఠతా వచ్చు.

మీతో ఒక పనుండి రాస్తున్నాను. మా గది పెద్దామె వేసవిలో పదవీ విరమణ చేస్తోంది. ఆ స్థానంలోకి రావాలంటే పదో తరగతి పాసై ఉండాలని ఆఫీసువాళ్లు కాగితం అంటించారు. నాతో పనిచేసే ఒకామె ప్రైవేటుగా కట్టి మార్చిలో పరీక్ష రాయాలనుకుంటోంది. మిగతావన్నీ ఎలాగో నెట్టుకొస్తుందట. లెక్కల్లో ఈ x, y ల దగ్గరే చేతులెత్తేస్తోంది. మా వదిన జీవితమంతా లెక్కలే చెప్పింది అని నోరు జారాను. ఇక నన్ను వదిలితేనా.

ఆమె పుస్తకంలోంచి ఒకటి రాస్తున్నాను. "గ.సా.భా.ను బయటికి తీసి, కారణాంకాలుగా రాయండి: 18x + 24y." ఎందుకు తీయాలి, తీసి ఎక్కడ పెట్టాలి అని అడుగుతోంది. నాకేం తెలుసు, తొమ్మిదితో ఆగిపోయినదాన్ని. మీకు తీరికుంటేనే రాయండి, తొందరేం లేదు.

అన్నయ్యకు చెవి మిషన్ పెట్టుకోమని గట్టిగా చెప్పండి. గట్టిగా అంటే నిజంగానే గట్టిగా.

మీ ఆడపడుచు,
పిచ్చుక


ఆగస్టు 17

పిచ్చుకకు,

ఉత్తరం అందింది. రెండేళ్ల తర్వాత నీ చేతిరాత చూశాను. సంతోషం.

మీ అన్నయ్య చెవి మిషన్ పెట్టుకోరు. పెట్టుకుంటే తను బాగుచేసే గడియారాల చప్పుడంతా ఒక్కసారి చెవిలో పడుతోందట. ఇంట్లో ఇప్పుడు పద్నాలుగు గోడ గడియారాలున్నాయి. ఏ రెండూ ఒక టైము చూపించవు. ఆయన మాత్రం ప్రశాంతంగా ఉన్నారు.

ఇక మీ ఆమె లెక్క. గ.సా.భా. అంటే గరిష్ఠ సామాన్య భాజకం. అన్ని పదాలనూ శేషం లేకుండా భాగించేవాటిలో అతి పెద్దది. 18ని, 24ని రెండు భాగిస్తుంది, మూడు భాగిస్తుంది, ఆరు కూడా భాగిస్తుంది. ఆరును మించినదేదీ రెండింటినీ భాగించదు. కాబట్టి ఆరును బయట రాసి, మిగిలినదాన్ని బ్రాకెట్టులో రాయాలి: 6(3x + 4y). ఎందుకు తీయాలంటే, పొడుగ్గా ఉన్నది పొట్టిదవుతుంది, దాని లోపలి కట్టుబాటు కంటికి కనిపిస్తుంది. తీసింది ఎక్కడికీ పోదు. మళ్లీ గుణిస్తే మొదటికి వచ్చేస్తుంది. గుణించి సరిచూసుకోమను. నా తరగతిలో ఎంతమందికి చెప్పినా ఆ ఒక్క పనీ ఎవరూ చేసేవారు కాదు.

ఆమె వయసెంత? నలభై దాటాక మొదలుపెట్టే చదువు కాదిది. నిరుత్సాహపరచడం లేదు. రోజుకు ఒక గంట కూర్చోగలదా అని అడుగు. కూర్చోగలిగితే చెబుతాను, లేకపోతే ఇద్దరి సమయమూ దండగ.

ఆశీస్సులతో,
వదిన


సెప్టెంబరు 9

వదినగారికి,

ఆమె వయసు నలభై ఎనిమిది. గంట కాదు, గంటన్నర కూర్చుంటానంటోంది. పొద్దున్న అయిదింటికి లేస్తుందట.

మీరు రాసింది మొదట బుర్రకెక్కలేదు. వారం తర్వాత పనిలో ఉండగా దానంతటదే తట్టిందట. ఆ రోజు ఉతుకు గది నుంచి పద్దెనిమిది దుప్పట్లు, ఇరవైనాలుగు దిండు గలీబులు వచ్చాయి. ఏ వార్డుకూ ఎక్కువ తక్కువ లేకుండా, ఒక్కటీ మిగలకుండా, వీలైనన్ని వార్డులకు పంచాలి. ఆరు వార్డులకు సరిపోయాయి. ఒక్కో వార్డుకు మూడు దుప్పట్లు, నాలుగు గలీబులు. ఆరు కట్టలు కట్టి చూసేసరికి బల్లమీద మీ లెక్కే కూర్చుని ఉంది. "ఇరవై ఏళ్లుగా రోజూ ఇదే చేస్తున్నాను గదా" అని నవ్వుకుంది.

నాలుగు లెక్కలు చేసి ఇచ్చింది. నేను ఎత్తి రాస్తున్నాను.

20a + 30b = 10(2a + 3b)
16x + 24y = 4(4x + 6y)
15x² + 10x = 5(3x² + 2x)
12x²y + 18xy² = 6(2x²y + 3xy²)

గుణించి చూసింది. నాలుగూ సరిపోయాయి. దిద్ది పంపండి.

పిచ్చుక


సెప్టెంబరు 20

పిచ్చుకకు,

దుప్పట్ల సంగతి చదివి చాలాసేపు ఆనందించాను. ఇన్నేళ్లలో నా బుర్రకు అంత మంచి ఉదాహరణ తట్టలేదు. ఆమెకు నా అభినందనలు చెప్పు.

కానీ లెక్కల్లో మొదటిదొక్కటే పూర్తయింది. మిగతా మూడింటి పక్కనా ఎర్రసిరాతో "ఇంకా ఉమ్మడి ఉంది" అని రాశాను, కాగితం జతచేస్తున్నాను. రెండోదాంట్లో 4 తీసి ఆగింది. లోపల 4లోనూ 6లోనూ రెండు మిగిలిపోయింది. 8 తీయాలి: 8(2x + 3y). మూడోదాంట్లో రెండు పదాల్లోనూ x ఉంది, దాన్నీ తీయాలి: 5x(3x + 2). నాలుగోదీ అంతే: 6xy(2x + 3y). గుణిస్తే సరిపోయిందంటే తప్పు కాదని అర్థం, పూర్తయిందని కాదు. బ్రాకెట్టు లోపలికి ఇంకోసారి తొంగి చూడమను. అంకెలతోపాటు అక్షరాలనూ చూడాలి. ప్రతి పదంలోనూ ఉన్న అక్షరాన్ని, తక్కువలో తక్కువ ఎన్నిసార్లుందో అన్నిసార్లు బయటికి తేవాలి.

తొమ్మిదిలో నా తరగతిలో ఉన్నప్పుడు నీకూ ఇదే అలవాటు. అంకె తీసి, పని అయిపోయినట్టు కలం కింద పెట్టేదానివి. కాకపోతే నీ సంగతి వేరు. నీకు చదువు మీద మనసు లేదు, కుట్టుమిషన్ కావాలని నువ్వే అడిగి మానేశావు. అందులో తప్పేం లేదు. ఈమె అలా కాదు, కావాలని చదువుతోంది. అలాంటివాళ్లకు చెప్పాలంటే నాకూ ఉత్సాహంగా ఉంటుంది.

మీ అన్నయ్య నీ ఉత్తరాలు రెండేసిసార్లు చదువుతున్నారు. చదివి, ముసిముసిగా నవ్వుతున్నారు. కారణం చెప్పరు.

వదిన


అక్టోబరు 21

వదినగారికి,

జవాబు ఆలస్యమైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నాతో పనిచేసే ఆ ఒకామె నేనే. పరీక్ష కట్టింది నేను. పొద్దున్నే లేచి కూర్చునేది నేను. మీకు తెలిస్తే నవ్వుతారని దాచాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

కానీ మీరు రాసిన ఆ మాట ఎక్కడిది? కుట్టుమిషన్ నేనెప్పుడు అడిగాను? తొమ్మిదో తరగతి లెక్కల్లో ముప్పైమూడు వచ్చాయి. పాసు కావాలంటే ముప్పై అయిదు. ఇంటికొచ్చి, మళ్లీ రాస్తానని అమ్మ కాళ్లు పట్టుకున్నాను. అమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మీ వదినే చెప్పింది, దీనికి లెక్కలు అబ్బవు, అనవసరంగా రెండేళ్లు పాడుచేసుకోవద్దు అని. టీచరు కన్నా నీకు ఎక్కువ తెలుసా?" వారం తిరక్కుండా వరండాలో మిషన్ వచ్చి కూర్చుంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మీరు నాతో మామూలుగానే మాట్లాడారు. నేనూ మామూలుగానే జవాబిచ్చాను. ముప్పై నాలుగేళ్లు.

నాకు చదువు మీద మనసు లేదని మాత్రం రాయకండి. ఇంకేమైనా రాయండి.

ఇకమీద పాఠాలు పంపనక్కర్లేదు. ఇక్కడ ఎవరినైనా అడిగి చెప్పించుకుంటాను.

పిచ్చుక


అక్టోబరు 29

పిచ్చుకా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి విప్పాను. చదవడం అయ్యాక చూస్తే పొయ్యి మీద గిన్నె మాడిపోయి ఉంది.

నేను ఆ మాట అనలేదు. ఫలితాలు వచ్చిన సాయంత్రం మీ అమ్మగారి దగ్గరికి వెళ్లి, "రెండు మార్కులే కదా అత్తయ్యా, జూన్‌లో మళ్లీ రాయిద్దాం, రోజూ నేనే కూర్చోబెట్టి చెబుతాను" అన్నాను. ఆమె సరే అన్నారు. మూడు రోజుల తర్వాత అడిగితే, "అది రాయనంటోందమ్మా, మిషన్ కొనిపెట్టమని ఒకటే గొడవ. నువ్వు అడిగితే సిగ్గుపడుతుంది, వదిలెయ్" అన్నారు. కొత్త కోడలిని. అత్తగారి మాట దాటి నిన్ను పిలిచి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఒకే ఇంట్లో, పక్కపక్క గదుల్లో పడుకునేవాళ్లం మనం.

మీ అన్నయ్యను అడిగాను, ఇవేవీ మీకు తెలియవా అని. మిషన్ సంగతి తెలియదన్నారు. కానీ, ఆ ఒకామె నువ్వేనని మొదటి ఉత్తరంలోనే తెలిసిందట. "వేరేవాళ్ల కోసం అంత బతిమాలుతుందా మా పిచ్చుక" అన్నారు. నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వు అడగలేదుగా" అన్నారు. ఆ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను.

పాఠాలు మానను. నువ్వు చదివినా చదవకపోయినా పంపుతాను. దీనితో పది లెక్కలున్నాయి.

వదిన


నవంబరు 18

వదినగారికి,

ఆ ఉత్తరం దిండు గలీబుల బీరువా వెనక కూర్చుని చదివాను. ఏడ్చానని రాస్తే మీరు బాధపడతారు, అందుకని రాయను.

అమ్మ అలా ఎందుకు చేసిందో ఇప్పుడు అడగడానికి అమ్మ లేదు. ఆ ఏడు నాన్న ఆరోగ్యం బాగాలేదు. ఇంట్లో ఇంకో చేయి కావాలి. నిజం చెబితే నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోరు. అందుకని మన ఇద్దరి మధ్యా చెరొక అబద్ధం పెట్టి పని జరిపించుకుంది. అమ్మను తప్పుపట్టడానికి మనసు రావడం లేదు. మిమ్మల్ని తప్పుపట్టినందుకే సిగ్గుగా ఉంది. మీ చేతికి ఆపరేషనైనప్పుడు కూడా సెలవు దొరకలేదని రాసి ఊరుకున్నాను. సెలవు అడగనేలేదు. ఇప్పుడు చెబుతున్నాను, క్షమించండి.

పదింట్లో తొమ్మిది చేశాను. ప్రతిదానికీ బ్రాకెట్టులోకి రెండుసార్లు తొంగి చూశాను. ఒక్కచోట ఆగిపోయాను. 7x² + 7x. ఏడు తీశాను, x తీశాను. రెండో పదంలో ఉన్నదంతా బయటికి వచ్చేసింది కదా, ఇక అక్కడేం లేదని 7x(x) అని రాశాను. గుణిస్తే రెండో పదం మాయమైపోతోంది. ఎక్కడ పోగొట్టానో దొరకడం లేదు.

పెద్దామెకు నేను చదువుతున్నట్టు తెలిసిపోయింది. మధ్యాహ్నం అరగంట తన బల్ల నాకు వదిలి, తను ఇస్త్రీ గుడ్డలు మడతపెడుతోంది.

మీ పిచ్చుక


డిసెంబరు 10

పిచ్చుకా,

ముందు నీ సందేహం. 7xని 7xతో భాగిస్తే వచ్చేది ఒకటి, సున్నా కాదు. కాబట్టి 7x(x + 1). బ్రాకెట్టులో ఎన్ని పదాలుండాలో లెక్కపెట్టుకో. మొదటి లెక్కలో రెండు పదాలుంటే బ్రాకెట్టు లోపలా రెండుండాలి.

ఇక రెండోది. దీన్ని రాయకుండా ఉండొచ్చు. నీ కిందటి ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఇన్ని రోజులూ అలాగే ఉందామనుకున్నాను. నువ్వు నన్ను క్షమాపణ అడిగావు. అది చదివాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఆ తొమ్మిదో తరగతి పేపరు దిద్దింది నేనని నీకు తెలుసు. పన్నెండో ప్రశ్న నాలుగు మార్కులది. 12x³ + 18x². నువ్వు 6(2x³ + 3x²) అని రాశావు. రావలసింది 6x²(2x + 3). పద్ధతి సరైనదై పూర్తి కాకపోతే సగం మార్కులు వేయాలి, అది నియమం. నీ తరగతిలో నీలాగే రాసినవాళ్లు ఇంకా నలుగురున్నారు. నలుగురికీ రెండేసి వేశాను. నీకు సున్నా వేశాను.

ఆ వారమే స్టాఫ్ రూములో హెడ్‌మాస్టరు, "ఈసారి ఆడపడుచు పేపరు కూడా ఉంది కదమ్మా మీ కట్టలో" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నన్ను ఎవరూ వేలెత్తి చూపకూడదనుకున్నాను. నీ పేపరు వచ్చేసరికి ఆ నియమం పక్కన పెట్టి సున్నా చుట్టాను. రెండు మార్కులకు ఏమవుతుందిలే అనుకున్నాను. కూడితే ముప్పైమూడు వచ్చింది. కలం చేతిలోనే ఉంది. దిద్దుకోవచ్చు. దిద్దితే, ఆడపడుచు కోసం దిద్దిందంటారని అలాగే కట్ట కట్టి ఇచ్చేశాను.

మీ అమ్మగారిని బతిమాలింది అందుకే. నా తప్పును నువ్వు జూన్‌లో మళ్లీ రాసి సరిచేస్తావని చూశాను.

మీ అన్నయ్యకు కూడా నిన్ననే చెప్పాను. ఆయన బాగుచేస్తున్న గడియారాన్ని పక్కన పెట్టారు. తర్వాత, "ఇది ఉత్తరంలో రాసెయ్. నేను విన్నాను గనక సరిపోయిందనుకోకు" అన్నారు.

వదిన


జనవరి 24

పిచ్చుకా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. ఉండాలని అనను.

పాత ప్రశ్నపత్రాలు మూడు సంపాదించాను. జవాబులు విడిగా మడిచి పెట్టాను, ముందే చూడకు. పరీక్షకు పెన్సిళ్లు రెండు తీసుకెళ్లు.

వదిన


మే 20

వదినా,

ఈ ఉత్తరంలో మీరు అని రాయబుద్ధి కావడం లేదు. కోపమా, చనువా అని నన్ను అడగకు. నాకూ తెలియదు.

డిసెంబరులో నీ ఉత్తరం చదివి పనిలోకి వెళ్లాను. ఆ రోజు నేను మడిచిన నలభై దుప్పట్లనీ పెద్దామె విప్పి మళ్లీ మడిచింది.  ఇంటికి వచ్చి నీ పాఠాలన్నీ కట్టగట్టి అటక మీద పడేశాను. వారం తర్వాత నిచ్చెన వేసుకుని దింపాను, ఎందుకంటే వర్గాల భేదం, అదే a² − b², దగ్గర ఆగిపోయాను, అది నీ కాగితాల్లోనే ఉంది. నీ మీద కోపంతో నీ పాఠమే చదివాను. జనవరిలో నువ్వు పంపిన పత్రాలు కూడా చేశాను. నీకు పంపబుద్ధి కాలేదు, నేనే దిద్దుకున్నాను.

ఫిబ్రవరిలో ఇంకొకటి జరిగింది. పెద్దామె స్థానాన్ని పై అంతస్తులో పనిచేసే ఒకావిడకు ఇచ్చేశారు. ఆమె ఎప్పుడో పది పాసైంది. నా ఫలితం వచ్చేదాకా ఆగమని పెద్దామె ఆఫీసుకు వెళ్లి అడిగింది. "వేసవికల్లా మనిషి కావాలి, ఆశలు కాదు" అన్నారట. ఆ రోజు మా గదిలో అందరూ నన్ను ఓదార్చారు. ఇక పరీక్ష ఎందుకులే అన్నారు. నేను కూడా సాయంత్రం వరకు అలాగే అనుకున్నాను. మర్నాడు అయిదింటికి మెలకువ వచ్చింది. లేచి కూర్చుని లెక్కలు చేశాను. ఎవరి కోసమో, దేని కోసమో కాకుండా చేసిన మొదటి రోజు అది. బాగుంది.

మార్చిలో రాశాను. ఫలితం నిన్న వచ్చింది. అన్నీ పాసయ్యాను. లెక్కల్లో అరవై ఒకటి.

ఆ రెండు మార్కుల గురించి. చాలా లెక్కలు వేసుకున్నాను వదినా. నువ్వు వేసి ఉంటే పదిలోకి వెళ్లేదాన్ని. వెళ్లినా నాన్నకు బాగాలేని ఆ ఏడు అమ్మ నన్ను ఎలాగూ మాన్పించేదేమో. మాన్పించకపోయేదేమో. ఎటు నుంచి చేసినా తేలడం లేదు. తేలకుండానే ఉండనీ. కానీ ఆ నలుగురికీ వేసి నాకు వేయలేదన్నది మాత్రం ఇంకా మింగుడుపడలేదు. క్షమించాను అని రాస్తే అబద్ధమవుతుంది. మన ఇంట్లో ఇద్దరి మధ్య అబద్ధం పెట్టి పని జరుపుకోవడం అమ్మతోనే పోనీ. నువ్వు చెప్పకపోతే నాకు ఈ జన్మలో తెలిసేది కాదు. అది తెలిసి కూడా నువ్వు రాశావు. అది కూడా ఆ పక్కనే ఉంది. రెండూ ఉన్నాయి.

కొత్త పెద్దావిడ మంచిదే. దుప్పట్లు పంచడం ఆమెకు చేతకావడం లేదు, నేను చూపిస్తున్నాను.

ఇంటర్మీడియట్‌కు ప్రైవేటుగా కట్టాను. ఎవరూ అడగలేదు, ఏ ఉద్యోగమూ లేదు. పుస్తకం కొన్నాను. మొదటి పాఠం మూడో పేజీలో ఆగిపోయాను. ఇది ఉత్తరాల్లో అయ్యే పని కాదు, పక్కన కూర్చుని చెప్పాలి. నాకు జూన్ మొదటి వారం సెలవు ఇచ్చారు. ఈసారి అడిగే తీసుకున్నాను. అన్నయ్యను వెంటబెట్టుకుని రా. నా గది చిన్నది, కానీ ముగ్గురం పడతాం. మధ్యలో నీ మీద నాకు కోపం వస్తే వస్తుంది. అప్పుడు కాసేపు బయట తిరిగి రా, మళ్లీ మొదలుపెడదాం.

వారానికి సరిపడా బట్టలు తెచ్చుకో.

పిచ్చుక